కట్ట వెనక నత్రజని

(మిర్యాలగూడలో రైతులు, ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

పొద్దున ఇక్కడికి వచ్చే ముందు వాడపల్లి వెళ్లి, మూసీ కృష్ణలో కలిసే చోట కాసేపు నిలబడ్డాను. రెండు గాజు సీసాలు వెంట తీసుకెళ్లాను. ఒకటి మూసీలో, ఒకటి కృష్ణలో ముంచి తెచ్చాను. ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను. వెనక కూర్చున్నవాళ్లు తర్వాత దగ్గరికి వచ్చి చూడండి. మూసీ సీసాకు వాసన పెద్దగా లేదు. కానీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పచ్చగా ఉంది. ఆ పచ్చదనం ఎక్కడిది అన్నది తెలిస్తే ఈరోజు నేను చెప్పదలుచుకున్నదాంట్లో సగం తెలిసినట్టే.

మీలో ఎవరిని అడిగినా సాగర్ మట్టం ఇవాళ ఎన్ని అడుగులో చెప్పేస్తారు. 590 అయితే నిండినట్టు. శ్రీశైలం అయితే 885. గేట్లు ఎన్ని ఎత్తారో, ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో రోజూ వస్తుంది. నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది మనకు బాగా తెలుసు. ఆ నీళ్లలో ఏముంది, ఆగినన్నాళ్లు వాటికి ఏమవుతుంది అన్నది మాత్రం అడిగేవాళ్లు తక్కువ. నేను ముప్ఫై ఏళ్లు నీళ్లు పరీక్షించి బతికినవాణ్ణి. అందుకే ఈ రెండో ప్రశ్న నన్ను వదలదు.

నత్రజని అంటే మీకు ముందు గుర్తొచ్చేది యూరియా బస్తా. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. వరి మడిలో చల్లినదాంట్లో పైరుకు అందేది మూడో వంతు, బాగా జాగ్రత్త పడితే సగం. మిగతాది గాలిలోకి పోతుంది, నేలలోకి దిగుతుంది, మురుగు కాలువలో పడి వాగుకు, వాగు నుంచి నదికి చేరుతుంది. పశువుల పేడ, మనుషుల మలమూత్రాలు కూడా చివరికి అక్కడికే. ఒక మనిషి ఒంట్లోంచి రోజుకు ఇంచుమించు 10 గ్రాముల నత్రజని బయటికి పోతుంది. కోటి మంది ఉన్న నగరానికి లెక్క వేయండి. రోజుకు 100 టన్నులు. యూరియా బస్తాల్లో చెప్పాలంటే రోజుకు 4,800 బస్తాలు! హైదరాబాద్‌లో అదంతా మూసీలోకి రాదు. కొంత శుద్ధి కేంద్రాల్లో ఆగుతుంది, కొంత సెప్టిక్ ట్యాంకుల్లో ఉంటుంది. కానీ ఎంత పెద్ద సరుకు రోజూ కదులుతోందో ఒక అంచనా ఉండాలి కదా.

ఈ నత్రజనికి వేషాలు చాలా. మురుగులో ఉన్నప్పుడు ఎక్కువగా అమ్మోనియా. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. ఆక్సిజన్ లేని బురదలో వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను విరిచి మామూలు నత్రజని వాయువుగా గాలిలోకి పంపేస్తాయి. మనం పీల్చే గాలిలో 78 శాతం ఉన్నది ఆ వాయువే, దానితో ఏ ఇబ్బందీ లేదు. అంటే ఒకే నీళ్లలో ఒక పని జరగాలంటే ఆక్సిజన్ కావాలి, ఇంకో పని జరగాలంటే ఆక్సిజన్ ఉండకూడదు. రెండూ జరగాలంటే మూడోది కావాలి, అది టైం. పారే నదికి లేనిది అదే. వరద రోజుల్లో చుక్క నీరు కొండల మధ్య నుంచి సముద్రానికి రోజుల్లో చేరిపోతుంది. కట్ట కట్టామంటే ఆ చుక్కను నెలల తరబడి కూర్చోబెట్టినట్టే. ఆనకట్ట నీళ్లను ఆపుతుంది అంటాం. నత్రజని వైపు నుంచి చూస్తే అది నదికి టైం ఇస్తుంది. ఆ టైంలో ఏం జరుగుతుందో చెప్తాను.

నా ఉద్యోగం తొలినాళ్ల మాట. ఏప్రిల్ నెలలో ఒక జలాశయం మీద పడవలో ఉన్నాం. నీళ్ల నమూనాలు తీయడం ఎలాగో మా సీనియర్ ఒకాయన నేర్పిస్తున్నారు. తాడు కట్టిన పరికరాన్ని పై నీళ్లలో ముంచి ఒక సీసా నింపాం. తర్వాత అదే తాడును అడుగు దాకా వదిలి ఇంకో సీసా నింపాం. రెండూ 300 మిల్లీలీటర్ల సీసాలు, గాజు బిరడాలు. రెండింట్లోనూ మాంగనీస్ సల్ఫేట్ ఒక పిప్పెట్, క్షారం కలిపిన అయొడైడ్ ఒక పిప్పెట్ వేసి, బుడగ లేకుండా బిరడా పెట్టి తలకిందులు చేసి ఊపాం. పై నీళ్ల సీసాలో బెల్లం రంగు మడ్డి మేఘంలా లేచింది. అడుగు నీళ్ల సీసాలోనూ మడ్డి లేచింది, కానీ తెల్లగా, సున్నం విరిగినట్టు. ఆయన ఆ సీసాను నా చేతిలో పెట్టి, "దీంట్లో ఆక్సిజన్ లేదు బాబూ, చేప దిగితే చస్తుంది" అన్నారు. సీసా చేతికి చల్లగా తగిలింది. నింపేటప్పుడే దాంట్లోంచి కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. ఒడ్డుకొచ్చాక మిగతా పరీక్షలు చేశాం. పై నీళ్లలో నైట్రేట్ ఉంది, అమ్మోనియా దాదాపు లేదు. అడుగు నీళ్లలో నెస్లర్ ద్రావణం వేయగానే పసుపు తిరిగింది, అంటే అమ్మోనియా. నైట్రేట్ జాడ లేదు. ఒకే జలాశయం, ఒకే తాడు, రెండు వేరే లోకాలు. ఆ తెల్లటి మడ్డి నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతుంది.

ఎందుకలా? ఎండకు పై నీరు వేడెక్కి తేలికవుతుంది. అడుగు నీరు చల్లగా, బరువుగా కిందే ఉండిపోతుంది. రెండూ కలవవు. మన దేశంలో పైకీ కిందకీ ఉష్ణోగ్రత తేడా కొద్ది డిగ్రీలే కదా, అదేం అడ్డు అనిపిస్తుంది. కానీ వెచ్చటి నీళ్లలో ఒక్క డిగ్రీ తేడాకే సాంద్రత బాగా మారుతుంది. చలి దేశాల చెరువుల కంటే మన దగ్గర తక్కువ తేడాకే పొరలు గట్టిగా నిలబడతాయి. పైన నాచు పెరిగి చచ్చి కిందకి రాలుతుంది, కింద అది కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తుంది. పై నుంచి కొత్త ఆక్సిజన్ దిగదు. అలా ఊపిరాడని పొర తయారవుతుంది. డిసెంబర్, జనవరి చలి రాత్రుల్లో పై నీరు చల్లబడి బరువెక్కినప్పుడు పొరలు కలుస్తాయి. కొన్నిసార్లు తెల్లారేసరికి ఒడ్డున చేపలు తేలి కనపడతాయి. విషం కలిపారని గొడవలవుతాయి. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. చాలాసార్లు అడుగు నీరు పైకి లేవడమే కారణం.

ఇప్పుడు లెక్కకు వద్దాం. నదిలో వచ్చిన నత్రజని జలాశయంలో కొంత నాచు ఒంట్లోకి పోతుంది. కొంత ఆ నాచుతోపాటు రాలి బురదలో కలుస్తుంది. కొంత బురద పైపొరలో వాయువుగా మారి గాలిలో కలుస్తుంది. మిగిలింది గేటు దాటుతుంది. నీళ్లు ఎక్కువ కాలం నిలిస్తే ఎక్కువ తగ్గుతుంది. ఇంతవరకు వింటే ఆనకట్ట మనకు మేలే చేస్తోంది, ఊరికే శుద్ధి చేసి పెడుతోంది అనిపిస్తుంది. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. ఆ మాట సగమే నిజమని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మొదటి సంగతి, గాలిలోకి పోయేదంతా మామూలు నత్రజని కాదు. ఆక్సిజన్ పూర్తిగా లేకపోయినా, సరిపడా ఉన్నా బ్యాక్టీరియా పని చాలావరకు చివరిదాకా సాగుతుంది. మధ్యస్తంగా అటూ ఇటూ ఊగుతున్నప్పుడు పని మధ్యలో ఆగి నైట్రస్ ఆక్సైడ్ బయటపడుతుంది. అది గాలిలో వందేళ్లకు పైగా నిలుస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే, బొగ్గుపులుసు వాయువు కంటే ఇంచుమించు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

శ్రీశైలం వెనక సంగమేశ్వరం గుడి మీకు తెలుసు. ఏడాదిలో చాలా నెలలు నీళ్లలో ఉంటుంది, మట్టం తగ్గాక ఎండాకాలానికి బయటపడుతుంది, జనం వెళ్లి దర్శనం చేసుకుంటారు, మళ్లీ వరదకు మునుగుతుంది. గుడితోపాటు బయటపడే బురద నేలను ఎప్పుడైనా చూశారా? ఎండకు నెర్రెలిచ్చి ఉంటుంది. ఆ పగుళ్లలోంచి గాలి దూరి, బురదలో దాగిన అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుంది. జూలై, ఆగస్టులో నీళ్లు ఎక్కగానే ఆక్సిజన్ మాయమై, ఆ నైట్రేట్ మీద బ్యాక్టీరియా ఒక్కసారిగా పడతాయి. ఇలా ఎండి తడిసే నేలల్లో, తడిసిన తొలి రోజుల్లోనే నైట్రస్ ఆక్సైడ్ ఎక్కువగా వెలువడుతుంది. మన జలాశయాలు ఏటా నిండి, ఏటా బాగా దిగిపోయేవి. అంచు నేల వెడల్పు చాలా ఎక్కువ. ఆ అంచును కొలవకుండా జలాశయాన్ని కొలిచాం అనడం నా దృష్టిలో కుదరదు.

రెండో సంగతి నాకు ఇంకా ముఖ్యమైనది. నత్రజని ఒంటరిగా ప్రయాణం చేయదు. భాస్వరం, సిలికా దాని వెంట ఉంటాయి. భాస్వరం మట్టి రేణువును పట్టుకుని వస్తుంది. జలాశయంలో ఒండ్రు కూర్చుంటే భాస్వరమూ కూర్చుంటుంది. నైట్రేట్ నీళ్లలో కరిగి ఉంటుంది కాబట్టి నీళ్లతోపాటు సాగిపోతుంది. ఇక సిలికాను డయాటమ్ అనే నాచు తన గుల్లగా కట్టుకుని, చచ్చాక దాంతోనే అడుగుకు చేరుతుంది. అంటే కట్ట వీటిని సమంగా ఆపదు. భాస్వరం, సిలికా ఎక్కువగా ఆగిపోతాయి, నత్రజని వాటికంటే ఎక్కువగా దాటిపోతుంది.

ఎంత ఒండ్రు ఆగింది? మీకు తెలిసిన అంకెలే చెప్తాను. కట్టినప్పుడు సాగర్ 408 టీఎంసీలు, ఇప్పుడు 312. శ్రీశైలం 308 నుంచి 215కు వచ్చింది. దీన్ని మనం పోయిన నీళ్ల లెక్కగానే చూస్తాం. అది డెల్టాకు, సముద్రానికి అందకుండా పోయిన మట్టి లెక్క కూడా. ఆ మట్టితోపాటే భాస్వరం, నత్రజని కొంత కొంత పూడిక కింద పడున్నాయి.

కట్ట దిగువకు వెళ్లే తిండి మారితే ఏమవుతుందో తెలియాలంటే ఈజిప్టు వైపు చూడాలి. 1964లో అస్వాన్ హై డ్యామ్ వెనక నైలు వరద ఆగింది. అంతకుముందు ఏటా ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా వరద మధ్యధరా సముద్రంలో పడగానే డయాటమ్‌లు విరగబూసేవి, వాటి కోసం సార్డీన్ చేపలు తీరానికి వచ్చేవి. 1962లో సుమారు 18 వేల టన్నుల సార్డీన్ పడింది. అరవయ్యో దశకం చివరికి కొన్ని వందల టన్నులకు పడిపోయింది. పడవలు ఒడ్డున ఉండిపోయాయి. విచిత్రం ఏమిటంటే, 1980ల నుంచి చేపలు మళ్లీ పెరిగాయి. వరద తిరిగి రాలేదు. కైరో, అలెగ్జాండ్రియా మురుగునీళ్లు, డెల్టా పొలాల ఎరువులు ఆ లోటు పూడ్చాయి. దీన్ని చూసి కొందరు అంతా సర్దుకుందిగా అంటారు. నేను ఒప్పుకోను. వరద తెచ్చిన తిండి స్థానంలో మురుగు తెచ్చిన తిండి వచ్చింది. ఒండ్రు రాక డెల్టా అంచు కోసుకుపోవడం ఆగలేదు. నల్ల సముద్రంలోనూ డాన్యూబ్ నది నుంచి వచ్చే సిలికా తగ్గి, డయాటమ్‌ల చోట వేరే నాచులు పెరిగాయి. 1972లో పూర్తయిన ఐరన్ గేట్స్ ఆనకట్టనే మొదట తప్పుపట్టారు. పైన ఉన్న ఎన్నో చిన్న కట్టలదీ వాటా ఉందని తర్వాత తేలింది.

కృష్ణ దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2002 నుంచి 2004 దాకా వరుస కరువుల్లో ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రంలో కలిసిన నీళ్లు నామమాత్రం. నది సముద్రానికి చేరనప్పుడు నత్రజని ఎంత చేరింది అన్న ప్రశ్నకే అర్థం లేదు. అదంతా పొలాల్లో, కాలువల్లో, భూగర్భ జలాల్లో పేరుకుంది. తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. బోరు నీళ్లు తాగే ఊళ్లలో ఈ అంకె గుర్తుంచుకోండి.

భాస్వరం ఉండి నత్రజని తగ్గిన జలాశయంలో ఇంకో పని జరుగుతుంది. మీరు వరి మడిలో అజొల్లా వేస్తారు కదా. దాని ఆకుల్లో దాగిన అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు గాలిలో నత్రజనిని పట్టి ఎరువుగా మారుస్తుంది. జలాశయంలోనూ అలాంటి నీలి ఆకుపచ్చ నాచులు ఉంటాయి. అప్పుడు జలాశయం నత్రజనిని తగ్గించేది పోయి, గాలి నుంచి పట్టి పెంచేది అవుతుంది. మడిలో మనకు మేలు చేసే గుణమే తాగునీటి చెరువులో తలనొప్పి. కొన్ని నీలి నాచులు విషాలను కూడా వదులుతాయి, పశువులు తాగితే ప్రమాదం.

సరే, మన సీసాకు వద్దాం. హైదరాబాద్ దాటాక మూసీ మీద వరసగా కత్వలు, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు ఉన్నాయి. పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి లాంటి కాలువలు వాటి నుంచే మళ్లాయి. ప్రతి కత్వ వెనక నీళ్లు కాసేపు నిలిచి మురికి అడుగుకు దిగుతుంది, కత్వ మీంచి దూకేటప్పుడు గాలి కలుస్తుంది. నగరం దాటాక 40 కిలోమీటర్లలో నీళ్లలో ఆక్సిజన్ పెరిగి, కుళ్లే పదార్థం, పేగు పురుగుల గుడ్లు బాగా తగ్గినట్టు పరిశోధకులు కొలిచి చూపించారు. పాతకాలపు సేద్యపు కట్టడాలు చేసే ఈ పనికి నేను నిజంగా చేతులెత్తి దండం పెడతాను. కానీ వాసన పోయినంత మాత్రాన నత్రజని పోలేదు. అమ్మోనియా నైట్రేట్ అయింది, నైట్రేట్ నాచుకు తిండి అయింది. సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టులో ఇంకొంత ఆగుతుంది, మిగిలింది వాడపల్లి దగ్గర కృష్ణలో పడి పులిచింతలకు చేరుతుంది. ఈ సీసాలో పచ్చదనం అదే. హైదరాబాద్ వంటిళ్లలో వండిన పప్పులో నత్రజని, ఇక్కడ నాచై మీ కళ్ల ముందు ఉంది.

గుర్రపుడెక్క గురించి ఒక్క మాట. అది నత్రజనిని విపరీతంగా పీలుస్తుంది. పీకి ఒడ్డున పడేసి వదిలేస్తే వానకు అదే నీళ్లలోకి తిరిగొస్తుంది. పీకితే దూరంగా తీసుకెళ్లి కంపోస్టు చేయాలి.

చెరువుల దగ్గర మన పెద్దలు చేసిన పని చూడండి. చెరువు కూడా ఒక జలాశయమే. అక్కడా ఒండ్రు కూర్చుంటుంది, నత్రజని, భాస్వరం బురదలో చేరతాయి. ఎండాకాలం చెరువు మట్టిని బండ్లకెత్తి చేనుకు తోలేవాళ్లు. పొలం నుంచి పోయింది పొలానికే తిరిగొచ్చేది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకోవడం నేను చూశాను, మా ఊళ్లో మా అన్న నలభై ట్రాక్టర్లు తోలించాడు. ఆ ఏడు యూరియా తగ్గించాడు కూడా. సాగర్ అడుగున ఉన్న ఒండ్రును అలా ఎత్తలేం. పెద్ద కట్టకూ చిన్న కట్టకూ నాకు కనిపించే అసలు తేడా ఇదే. చెరువులో నత్రజని చక్రం మన చేతుల మీదుగా తిరిగేది. పెద్ద జలాశయంలో అది అడుగునే తెగిపోయింది.

నేను అడిగేది ఒకటే. ప్రతి పెద్ద జలాశయం దగ్గర మట్టం చదివే మనిషి ఉన్నాడు. వారానికి ఒకసారి పైన, మధ్యలో, అడుగున మూడు సీసాలు నింపి ఆక్సిజన్, అమ్మోనియా, నైట్రేట్, భాస్వరం కొలిచి, మట్టం పక్కనే బోర్డు మీద రాయాలి. ఖర్చు పెద్దది కాదు. అడుగు తూముల నుంచి నీళ్లు వదిలే ముందు కింద అమ్మోనియా ఎంత ఉందో తెలిస్తే, దిగువన తాగునీటి పథకాలవాళ్లు ముందే జాగ్రత్త పడతారు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక రైతు: "సార్, కాలువ నీళ్లల్లో నత్రజని ఉందంటున్నారు గదా. మరి నేను ఒక బస్తా యూరియా తగ్గించుకోవచ్చా?")

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ, లెక్క వేద్దాం. యాసంగి వరికి ఎకరాకు 5 వేల ఘనపు మీటర్ల నీళ్లు పెట్టామనుకో. లీటరుకు ఒక మిల్లీగ్రాము నత్రజని ఉంటే ఘనపు మీటరుకు ఒక గ్రాము, ఎకరాకు 5 కిలోలు. అంటే 11 కిలోల యూరియా, పావు బస్తా. సాగర్ కాలువ కింద నీకు అంతకు మించి కలిసిరాదు, మామూలు మోతాదు వేసుకో. మూసీ కాలువ కింద సంగతి వేరు. నగరపు మురుగులో లీటరుకు 30, 40 మిల్లీగ్రాములు ఉండటం మామూలు. దారిలో తగ్గి 15 మిగిలినా ఎకరాకు 75 కిలోల నత్రజని. వరికి సిఫారసు చేసేది ఇంచుమించు 40 నుంచి 48. అక్కడ పైరు నల్లగా ఏపుగా పెరిగి పడిపోవడం, తెగులు పట్టడం మీరు చూసే ఉంటారు. అక్కడ యూరియా వేయడం డబ్బు తీసి పైరుకు జబ్బు కొనిపెట్టడమే. కానీ 15 అన్నది నేను అనుకున్న అంకె. మీ కాలువలో ఎంతుందో కొలిస్తేనే తెలుస్తుంది.

అందుకే ఇరవై ఖాళీ సీసాలు తెచ్చాను, ఈ పెట్టెలో ఉన్నాయి. మూసీ కింద ఉన్నవాళ్లు ముందు తీసుకోండి. కాలువ మధ్యలో, మోచేతి లోతున ముంచండి. గాలి బుడగ లేకుండా మూత బిగించి, చీటీ మీద ఊరు, కాలువ పేరు, తేదీ, టైం రాయండి. ఎండ తగలకుండా తడిగుడ్డలో చుట్టి అదే రోజు సాయంత్రంలోగా నాకు అందేలా చూడండి. ఆలస్యమైతే సీసాలోనే అమ్మోనియా నైట్రేట్‌గా మారిపోతుంది.